నేను గీకిన సున్నం

సున్నపవ్వ పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. మైదుకూరు దాటాం. ఆలూరులో ఉల్లిగడ్డల వ్యాపారం చేసుకుంటున్న నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "సారూ, అవ్వ పోయింది. పొద్దున రొట్టె తినింది, గోడకానుకొని కూసున్నది కూసున్నట్టే పోయింది. సాయంత్రం ఎత్తుతారు. వస్తాండావా?" అన్నాడు. నేను దిగి, ఎదురొచ్చే బస్సెక్కి వెనక్కి తిరిగి ఉంటే సాయంత్రానికి అవ్వ ఊరు చేరేవాణ్ణే. "చూస్తాను నాయనా" అని ఫోన్ పెట్టేశాను. చూస్తాను అంటే రానని అర్థం. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

ఆ రోజు నాకు రాజంపేటలో సభ ఉంది. పాత రాళ్ళను, శాసనాలను కాపాడుకోవడం గురించి కాలేజీ పిల్లలకు చెప్పాలి. చెప్పాను. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఆలూరు అవతల ఒక పల్లెలో సున్నం కింద కప్పబడిపోయిన వీరగల్లును, అంటే పోరులో చచ్చిన వీరుడి రాయిని, నేనెలా బయటపెట్టానో చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. నేను ఆ శాలువా కప్పుకునే వేళకు అక్కడ ఆమె మీద మట్టి పోస్తున్నారు.

ఈ పాటికి మీకు అర్థమై ఉంటుంది, ఇది ఆమెను పొగడడానికి మాత్రమే రాస్తున్నది కాదు. పొగడ్త ఆమెకు అక్కర్లేదు. ఆమె గురించి నేను దాచిన మాటొకటి ఉంది. ఆమె బతికుండగా చెప్పాల్సింది, చెప్పలేదు.

ముప్పై ఏళ్ళ కిందట నేను ఆ ఊరికి బడిపంతులుగా పోయాను. ఒక్కడే పంతులు, ఒక్కటే గది, ఐదు తరగతులు. ఎర్రటి ఎండ, నల్లరేగడి నేల, వాన పడితే కాలు పీకితే చెప్పు ఊడేది. బడి పక్కిల్లే ఆమెది. మొదటి రోజే గోడ మీంచి తల పెట్టి చూసి, "ఏమప్పా, నువ్వన్నా ఉంటావా? నీ ముందర ఇద్దరు సార్లొచ్చినారు. నెల కాకముందే పోయినారు" అంది. ఉంటానన్నాను. "అందురూ అట్లే అంటారు" అని తల వెనక్కి తీసుకుంది. కాసేపటికి రెండు జొన్నరొట్టెలు, మీద ఉల్లిగడ్డ కారం పెట్టుకుని వచ్చింది. "తిను. కడుపు నిండితే కాళ్ళు ఆడికీ ఈడికీ పోవు" అంది.

అప్పటి నుంచి నా రొట్టె ఆమె ఇంటి పొయ్యి మీదే కాలింది. బియ్యమో పప్పో ఇవ్వబోతే ఊరుకునేది కాదు. పిల్లలు ఎక్కాలు గట్టిగా చెబుతుంటే బడి అరుగు మీద కూర్చుని తలూపుతూ వినేది. ఎవడన్నా తప్పు చెబితే ఆమెకు తెలిసేది కాదు, గొంతు తగ్గితే మాత్రం తెలిసేది. "ఒరేయ్, ఆ మూలోడు నోరు మెదపలే" అని అరిచేది. ఆమె కేకకు మూలోడితో పాటు నేనూ ఉలిక్కిపడేవాణ్ణి.

ఆమెను సున్నపవ్వ అని ఎందుకంటారో చెప్పాలి. ఊరి పొలిమేరలో, ఒక చేని గట్టున, మనిషి ఎత్తు రాయి ఉండేది. పైనుంచి కిందికి తెల్లటి సున్నం, మీద మూడు ఎర్రమన్ను పట్టెలు. ఊరి గొడ్లను దొంగలు తోలుకుపోతుంటే మళ్ళించి తెచ్చి, ఆ పోట్లాటలోనే చచ్చిపోయిన ఒక మనిషి రాయి అది అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఏటా ఏరువాక పున్నమి రోజు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, ఆ రాయి ముందు నుంచి నడిపిస్తారు. అంతకుముందు రోజు రాయికి సున్నం పూయడం సున్నపవ్వ ఇంటి పని. పున్నమి రోజు తొలి టెంకాయ కూడా ఆ ఇంటిదే. ఆమె కాయ అందిస్తే కొడుకు కొట్టాలి. అది పగిలాకే ఊరివాళ్ళ కాయలు, పెద్ద రైతుల కాయలు కూడా. ఆ ఇంటికి సెంటు మాగాణి లేదు. ఉన్న మర్యాదంతా ఆ ఒక్క కాయలో ఉంది.

సున్నం పూయడంలో ఆమె పద్ధతి చూడాల్సిందే. ఆలూరు సంతలో సున్నపు గుల్ల తెచ్చి, నెల ముందే కుండలో వేసి నీళ్ళు పోసేది. బుసబుసమని పొంగి చల్లారాక మీద నీళ్ళు ఎప్పుడూ నిలిచేలా చూసుకునేది. పాత చీర గుడ్డలో వడగట్టి, కొంచెం బెల్లం నీళ్ళు కలిపేది. కుంచె వాడదు. చేత్తోనే పూసేది. "కుంచెకు కండ్లుండవు. యాడ బీట ఉండాదో యేలుకే తెలుస్తాది" అనేది. ముందు అరచేతులకు శెనగనూనె పట్టించుకునేది. అయినా ఏళ్ళ తరబడి సున్నంలో మునిగిన ఆ చేతుల మీద గీతలు చెరిగిపోయి నున్నగా ఉండేవి.

నాకు చరిత్ర పిచ్చి. ఆదివారం వస్తే రాళ్ళ వెంట తిరిగేవాణ్ణి. ఆ సున్నం కింద బొమ్మ ఉందని అంచులు చూస్తేనే తెలిసేది. అక్షరాలు కూడా ఉండొచ్చని నా అనుమానం. ఒక్కసారి గీకి చూస్తానని అడిగాను. వద్దంది. రెండేళ్ళు అడిగాను, రెండేళ్ళూ వద్దంది. ఎందుకంటే మాత్రం ఒకటే మాట. "మా అత్త సెప్పింది. వాళ్ళత్త ఆయమ్మకు సెప్పింది. రాత ఎండకు సూపించొద్దు అని." నేను నవ్వుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, నాకు అది మూఢనమ్మకంలా వినపడింది.

మూడో ఏడు ఎందుకో ఒప్పుకుంది. బహుశా నేను మూడేళ్ళు ఊళ్ళోనే ఉన్నందుకు ఇచ్చిన బహుమానం కావచ్చు. "గీక్కో. సదువుకో. రాసుకో. పొద్దు మునిగే లోపల మళ్ళీ పూసేయాల. మాటియ్యప్పా" అంది. చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

ఊరంతా చేలల్లో ఉన్న ఒక మధ్యాహ్నం ఇద్దరమే పోయాం. ఆమె చెంబుతో నీళ్ళు పోస్తుంటే నేను వెదురు చెక్కతో గీకాను. సున్నం ఉల్లిగడ్డ పొరల్లా లేచి వచ్చింది, ఒక పొర కింద ఒకటి. ఒక్కో పొరా ఒక్కో ఏరువాక. వాళ్ళత్తది, వాళ్ళత్త అత్తది, అన్నీ నా కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. చివరికి కత్తి పట్టిన మనిషి, వెనక ఎద్దు తలలు, కింద నాలుగు వరుసల అక్షరాలు బయటపడ్డాయి. నిన్న చెక్కినట్టున్నాయి. తెలుగూ కన్నడమూ ఇంకా ఒకే లిపిలా ఉన్న కాలం నాటి రాత అది. కిందా మీదా పడి గంటసేపటికి కొంత చదివాను. పేరు సగమే తెలిసింది. మిగతాది మాత్రం స్పష్టం. ఈ ఊరి గొడ్లను మళ్ళించి చనిపోయినాడు అని.

గొప్పగా చదివి వినిపించాను. ఆమె చెంబు కింద పెట్టి నా ముఖం చూసి, "అదే కదప్పా మేం సెప్పుకునేది" అంది. "దానికింత కష్టమా?"

పొద్దు వాలుతోంది. ఆమె కుండ దగ్గరికి లాక్కుని చేతులకు నూనె పూసుకుంది. నేను ఆపాను. కర్నూలులో పేపర్లో పనిచేసే స్నేహితుడు ఆదివారం కెమెరా తీసుకుని వస్తాడు, అప్పటి దాకా ఉండనీ అన్నాను. "మాటిచ్చినావు" అంది. నాలుగే రోజులన్నాను. "మాటిచ్చినావప్పా" అని మళ్ళీ అంది. అప్పుడు నాకు విసుగొచ్చింది. "అవ్వా, నీకు తెలీదు. ఇది నీ ఇంటి గోడ కాదు. దేశానికి చెందిన వస్తువు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె నూనె చేతులు చీర కొంగుకు తుడుచుకుని కుండ నెత్తికెత్తుకుంది.

ఆదివారం ఫోటో తీసేటప్పుడు ఆమె రాయి పక్కన నిలబడింది, కుండతో సహా. అయిపోగానే పూసేద్దామని వచ్చింది పాపం. కొంచెం పక్కకు జరగమన్నాను. జరిగింది. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంటి హాల్లో ఉంది. జాగ్రత్తగా చూస్తే రాయి అడుగున ఒక నీడ కనపడుతుంది, నెత్తి మీద కుండ ఉన్న నీడ. మా ఇంటికి వచ్చినవాళ్ళలో కొందరు అదేమిటని అడిగారు కూడా. చెట్టు నీడ అని చెప్పాను.

వార్త నేనే రాసిచ్చాను. "అజ్ఞానం వల్ల గ్రామస్తులు ఏళ్ళ తరబడి సున్నం పూసి కనుమరుగు చేసిన అమూల్య శిల్పం" అని రాశాను. ఊరి పేరు రాశాను, చేను ఏ దిక్కున ఉందో రాశాను. చూడటానికి అధికారులు వస్తారన్న ఆశతో సున్నం మళ్ళీ వాయిదా వేశాను. అధికారులు రాలేదు. అమావాస్య దాటిన తెల్లవారి చేనికి పోయినవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రాయి మూడు ముక్కలై పడి ఉంది. దాని కింద నిలువెత్తు గుంత. చుట్టూ నిమ్మకాయలు, పసుపు, సగం కాలిన అగరవత్తులు.

మా సీమలో పుట్టినవాళ్ళకు ఇది వివరంగా చెప్పనక్కర్లేదు. రాతి మీద రాత కనిపిస్తే దాని కింద నిధి ఉంటుందని తవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాత ఎండకు చూపించొద్దంటే అర్థం అది. చదువు రాని ఆడవాళ్ళు తరతరాలుగా ఒక శాసనాన్ని తవ్వకాల నుంచి, వాన నుంచి, ఎండ నుంచి కాపాడుకుంటూ వచ్చారు. నేను దానికి అజ్ఞానం అని పేరు పెట్టి అచ్చు వేయించాను. ఆ గుంత అంచున నిలబడ్డప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు.

మరుసటి రోజు రచ్చకట్ట మీద ఊరు కూడింది. నాకు బడి నుంచి కుర్చీ తెచ్చి వేశారు. పెద్దమనిషి ఆమెను నిలబెట్టి అడిగాడు. "రాయి నీ చేతిలో ఉండాది. సారు పోటో తీసుకున్నాడు, సరే. అయిపోయినాక సున్నం యాలకు పుయ్యలే? ఇన్ని దినాలు బోడిగా ఎవురు పెట్టమన్నారు?"

ఆమె నా వైపు చూడలేదు. అది బాగా గుర్తుంది నాకు. చూసి ఉంటే నేను లేచి ఉండేవాణ్ణేమో. ఇలా అనుకోవడం కూడా నాకు నేను చెప్పుకునే సాకే. ఆమె కింద నేలను చూస్తూ, "ఎవురూ పెట్టమనలేదప్పా. నాకే వొళ్ళు బద్దకమై వదిలేసిన" అంది.

బద్ధకమట. కోడి కూయకముందే ఇల్లలికే మనిషి. ఆ మాట ఊళ్ళో ఒక్కరూ నమ్మి ఉండరు. కానీ మాట మాటే కదా, తప్పు ఒప్పుకున్నట్టే. తొలి టెంకాయ ఆమె ఇంటి నుంచి తీసేశారు, వేరే ఇంటికి ఇచ్చారు. సున్నం పని మాత్రం ఆమెకే ఉంచారు. పని ఆమెది, మర్యాద ఇంకొకరిది. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఒక్క మాట, "పూయొద్దని ఆపింది నేనే" అన్న మూడు ముక్కలు గొంతు దాకా వచ్చాయి. ఊరు తిరగబడుతుందని, పైవాళ్ళకు తెలిస్తే ఉద్యోగానికి ముప్పని భయం. మింగేశాను.

ఆ వారమంతా ఆమె ముఖం చూడలేకపోయాను. రొట్టెలు మాత్రం వేళకు వచ్చాయి. చివరికి ఒకరోజు గోడ దగ్గర నిలబడి, ఎందుకలా చెప్పావని అడిగాను. "నిన్ను యాడికన్నా మార్చేస్తే ఈ పిల్లోళ్ళకి ఎవురు సెప్తారప్పా? టెంకాయ ఇంగొకరు కొట్టినా పగులుతాది. ఎక్కాలు ఎవురు పడితే వాళ్ళు సెప్పలేరు గదా" అంది. తర్వాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.

నన్ను ఉంచుకోవడానికి ఆమె తన ఇంటి మర్యాద వదులుకుంది. నేను ఏం చేశానో కూడా వినండి. పేపర్లో ఫోటో వచ్చాక నాకు కాస్త పేరొచ్చింది. ఆ పేరు పట్టుకుని, అడగాల్సినవాళ్ళను అడిగి, ఏడాది తిరగకముందే కర్నూలుకు బదిలీ చేయించుకున్నాను. పోయేటప్పుడు రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. "ఉంటావా అంటే ఉంటానన్నావు" అని ఎక్కడ అంటుందోనని బస్సొచ్చేదాకా మాటలు కల్పించి మాట్లాడాను. ఆమె ఆ మాట అనలేదు. "ఏరువాకకు రాప్పా" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో మూడు నాలుగుసార్లు పోయి ఉంటాను. ఏరువాకకు మాత్రం ఒక్కసారీ పోలేదు. ఏదో ఒక పని ఉండేది. పని లేకపోతే కల్పించుకునేవాణ్ణి.

రాజంపేట సభ తర్వాత పదకొండో రోజున, పెద్దదినానికి పోయాను. భోజనాలయ్యాక ఆమె కోడలు పెరట్లోకి తీసుకుపోయి కుండ చూపించింది. మీద బెత్తెడు నీళ్ళు నిలిచి, అడుగున వెన్నలాంటి సున్నం. వచ్చే ఏరువాక కోసం అవ్వ నానబెట్టిందట. "ఈసారి నేనే పూయాల. నాకు సరిగ్గా రాదు సారూ" అంది. పున్నమి ముందురోజు దాకా ఆగకుండా ఇప్పుడే నేను పూస్తానన్నాను. ఆమె వింతగా చూసింది గానీ కాదనలేదు.

ఇద్దరం చేనికి నడిచాం. మూడు ముక్కల్లో కింది ముక్కను ఊరివాళ్ళు ఎప్పుడో మళ్ళీ పాతారు. అక్షరాలున్నది దాని మీదే. నేను చదివింది, నా పేరు నిలబెట్టింది, నేను చూపించుకు తిరిగింది ఆ నాలుగు వరుసలే. కిందటేడు పూసిన సున్నం అక్కడక్కడా రాలి, కొన్ని అక్షరాలు బయటికి కనిపిస్తున్నాయి. అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చి కోడలు ఇచ్చిన కుంచె పక్కన పెట్టి చేత్తోనే పూశాను. చేతులకు నూనె పట్టించుకోవడం మరిచిపోయాను. బీటలు వేళ్ళకు తెలిశాయి. నా వెదురు చెక్క గీతలు కూడా తెలిశాయి. ఒక్కో అక్షరం మీద సున్నం నింపుతూ పోయాను. పని అయ్యేసరికి అరచేతులు మండుతున్నాయి.

అక్కడే గట్టు మీద కూర్చుని ఆ కోడలికి అంతా చెప్పేశాను. నేను మాటిచ్చింది, పూయకుండా ఆపింది, రచ్చకట్ట మీద నోరు మూసుకున్నది. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె నీళ్ళ చెంబు నా చేతుల మీద వంపుతూ, "తెలుసు సారూ" అంది.

"అవ్వ చెప్పిందా?"

"అవ్వ సెప్పేదేముండాది? ఊరందరికీ తెలుసు. కుండ ఎత్తుకపోయి మళ్ళీ అట్లే తెచ్చింది సూడలేదా మేము? అవ్వే ఎవుర్నీ నోరెత్తనీలే. ఆయప్పే వచ్చి సెప్తాడు, మీరు సెప్పొద్దండి అనేది. పతీ ఏరువాకకీ వొడిలో ఒక టెంకాయ పెట్టుకొని పోయేది. నువ్వు వస్తావేమో, వచ్చి సెప్తావేమో, మా కాయ మళ్ళా ముందర అడుగుతారేమో అని. ఎద్దులు పోయినాక మళ్ళీ ఇంటికి తెచ్చేది. మర్నాడు దాంతో పచ్చడి నూరేది. ఎన్నేండ్లు తిన్నామో ఆ పచ్చడి."

మళ్ళీ ఇంటికి వచ్చాక ఆమె లోపలి గూట్లోంచి ఒక టెంకాయ తెచ్చింది. ఈ ఏడాదికని అవ్వ ముందే సంతలో కొని పెట్టుకున్నదట. నా చేతిలో పెట్టి, "తీసకపో సారూ. పున్నమికి నువ్వే తీసకరా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

రచ్చకట్ట మీద చెప్పాల్సిన మాటను కాగితం మీద రాయడం నాకు అలవాటైన పనే. అందుకే ఇది రాసి చేతులు దులుపుకోవడం లేదు. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పోతాను. కుర్చీ వేస్తే కూర్చోను.

పెద్దదినం నాటి సాయంత్రం ఆలూరు నుంచి కర్నూలు బస్సులో, సంచీతో పాటు పైన పెట్టబుద్ధి కాక టెంకాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేతుల మంట ఇంకా తగ్గలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కాయలో నీళ్ళు కదిలాయి.